మాస్టర్ ప్లాన్ సవరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరం మాస్టర్ ప్లాన్‌ను సవరిస్తున్నారన్న కబురు రాగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రజాభిప్రాయ సభల్లో జనం పక్కన కూర్చుని మ్యాపులు చదివి చెప్పడం నాకు చాలాకాలంగా అలవాటు. ఒకే ప్రశ్నకు ఒకే పూటలో పది మందికి జవాబు చెప్పిన రోజులున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీ దగ్గర సవరణ ఏ దశలో ఉందో చూసుకుని, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. గడువులు, రుసుములు, ఆఫీసుల పేర్లు ఒక్కో నగరంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ నగరం ఇచ్చిన నోటీసును పక్కన పెట్టుకుని చదవడం మంచిది.

## సవరణ మొదలుకాక ముందు

మాస్టర్ ప్లాన్ అంటే మ్యాపా, పుస్తకమా, చట్టమా?

చాలాచోట్ల మూడూ కలిసే ఉంటాయి. మ్యాప్ చూస్తే ఏ నేల దేనికో తెలుస్తుంది: ఇళ్లు, వ్యాపారం, పరిశ్రమలు, పార్కులు, చెరువులు, రాబోయే రోడ్లు. పుస్తకంలో అలా ఎందుకు అనుకున్నారో, ఏ ఏడాదికి ఎంత జనాభా అంచనా వేశారో ఉంటుంది. నిబంధనల భాగంలో ఎంత ఎత్తు కట్టొచ్చు, ఎంత ఖాళీ వదలాలి, ఏ జోన్‌లో, అంటే ఒక రకం వాడకానికి కేటాయించిన ప్రాంతంలో, ఏది కుదరదు అన్నవి ఉంటాయి. కొన్ని నగరాల్లో ప్లాన్ దారి చూపే పత్రం మాత్రమే, కట్టుబడాల్సిన నిబంధనలు విడిగా జోనింగ్ చట్టంలో ఉంటాయి. మీ నగరంలో ఏది ఎలా ఉందో ముందు అడగండి. ఎందుకంటే అందరూ మ్యాప్ చూసి వెళ్లిపోతారు, ఇబ్బంది పెట్టే వాక్యం మాత్రం నిబంధనల్లో ఉంటుంది.

ఉన్న ప్లాన్ బాగానే ఉంది కదా, మళ్లీ ఎందుకు మార్చడం?

ఎంత ముందుచూపుతో గీసిన ప్లాన్‌కైనా ఏదో ఒకటి కనపడకుండా పోతుంది. న్యూయార్క్‌లో 1811లో మన్‌హటన్ దీవికి వీధుల ప్లాన్ గీశారు. అప్పటికి అక్కడి జనాభా లక్షకు కాస్త తక్కువ. అయినా 155వ వీధి దాకా ముందే గీసి పెట్టారు, ఆ వీధుల్లోనే జనం ఇవాళ్టికీ నడుస్తున్నారు. అంత దూరం ఆలోచించినవాళ్లు కూడా పెద్ద పార్కుకు చోటు వదల్లేదు. జనం కిక్కిరిసిపోయాక 1853లో ప్రత్యేకంగా చట్టం చేసి సెంట్రల్ పార్క్ కోసం భూమి తీసుకున్నారు. అందుకోసం అక్కడ ఉంటున్న దాదాపు 1,600 మందిని ఖాళీ చేయించారు. ప్లాన్‌లో వదిలేసినదాన్ని నలభై ఏళ్ల తర్వాత తెచ్చుకుంటే ఆ భారం ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది. వేళకు సవరించుకుంటే అది చాలావరకు తగ్గుతుంది.

ఎన్నేళ్లకోసారి సవరించాలి?

సాధారణంగా ప్లాన్ చూపు 20 ఏళ్ల వరకు ఉంటుంది, మధ్యలో ఐదు నుంచి పదేళ్లకోసారి సమీక్ష జరుగుతుంది. సింగపూర్ దీన్ని రెండు అంచెలుగా చేస్తుంది. యాభై ఏళ్ల వరకు చూసే దీర్ఘకాల ప్రణాళిక ఒకటి, దాని కింద రాబోయే 10–15 ఏళ్లకు సంబంధించిన మాస్టర్ ప్లాన్. ఈ రెండోదాన్ని ఐదేళ్లకోసారి సమీక్షిస్తారు. ఏళ్ల లెక్క కన్నా నేను చూసేది ఒకటే: సమీక్ష తేదీ చట్టంలో రాసి ఉందా, లేక అధికారుల వీలును బట్టి జరుగుతోందా? వీలును బట్టి జరిగేది దాదాపు ఎప్పుడూ ఆలస్యమే.

మొత్తం ప్లాన్ తిరగరాయడం ఎందుకు? కావాల్సిన చోట మార్చుకుంటే సరిపోదా?

చిన్న మార్పులకు సరిపోతుంది, చాలా చట్టాలు అందుకు వీలిస్తాయి కూడా. చిక్కల్లా ఆ చిన్న మార్పులు పోగుపడినప్పుడే. ఒక్కో స్థలానికి ఒక్కోసారి ‘భూ వినియోగ మార్పిడి’ ఇచ్చుకుంటూ పోతే, పదేళ్లయ్యేసరికి ఒక కాలనీ అంతా పెద్ద భవనాలు లేచి ఉంటాయి. డ్రైనేజీ మాత్రం పాత లెక్కకు వేసినదే ఉంటుంది. ఏ ఒక్క అనుమతీ తప్పుగా కనిపించదు, అన్నీ కలిపి చూసినవాళ్లే ఉండరు. అలా కలిపి చూడటానికే సవరణ.

పాత ప్లాన్‌లో చెప్పినవే చేయలేదు. కొత్త ప్లాన్ ఎందుకు నమ్మాలి?

ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ సభలో చప్పట్లు వినిపిస్తాయి. న్యాయమైన ప్రశ్న, దీన్ని కోపంతో కాకుండా కాగితంతో అడగాలని నా కోరిక. పాత ప్లాన్ తీయండి. అందులోని రోడ్లు, పార్కులు, బస్టాండ్లు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు వరుసగా రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా ‘అయింది, సగం అయింది, మొదలే కాలేదు’ అని గుర్తు పెట్టండి. మొదలే కానివాటికి కారణం అడగండి: డబ్బు లేదా, భూమి దొరకలేదా, కేసులో ఉందా, లేక ఎవరికీ అప్పజెప్పనే లేదా?

నిజానికి ఈ లెక్క నగరమే ముందుగా బయటపెట్టాలి. పాత ప్లాన్ అమలు నివేదిక లేకుండా మొదలయ్యే సవరణ పాత తప్పులనే కొత్త రంగుల్లో గీస్తుంది. మీ నగరంలో సవరణ ఇంకా మాటల దశలోనే ఉంటే మొదటి ఉత్తరం దీని గురించే రాయండి.

## లెక్కలు, సర్వేల దశ

ఇరవై ఏళ్ల తర్వాత ఎంతమంది ఉంటారో వీళ్లకెలా తెలుస్తుంది?

కచ్చితంగా ఎవరికీ తెలియదు. పుట్టేవారు, చనిపోయేవారు, వలస వచ్చేవారు, వెళ్లిపోయేవారు అనే లెక్కల నుంచి అంచనా కడతారు. మొదటి రెండూ కొంత నిలకడగా ఉంటాయి, వలసే ఎటూ తేలదు. దాని ప్రభావం ఎంతో చూడండి. 10 లక్షల జనాభా ఏడాదికి 2 శాతం పెరిగితే 20 ఏళ్లలో దాదాపు 14.9 లక్షలు అవుతుంది. 3 శాతం అయితే 18 లక్షలు దాటుతుంది. ఒక్క శాతం తేడాకు మూడు లక్షల మంది! అంతమందికి నీళ్లు, బళ్లు, బస్సులు కావాలి. అందుకే ఒకే అంకె మీద నడిచే ప్లాన్‌ను అనుమానించండి. తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంచనాలు ఇచ్చి, ఏది నిజమైతే ఏం చేస్తారో చెప్పే ప్లాన్ మంచిది.

మా నగరంలో జనం తగ్గుతున్నారు. మాకూ ఇదంతా అవసరమా?

ఇంకా ఎక్కువ అవసరం. అమెరికాలోని డెట్రాయిట్ జనాభా 1950లో సుమారు 18.5 లక్షలు, 2020 నాటికి 6.4 లక్షలు. జనం వెళ్లిపోయినా పైపులు, రోడ్లు, వీధిదీపాలు అక్కడే ఉంటాయి. వాటి ఖర్చు మిగిలినవాళ్లు మోయాలి. ఏ వీధులను నిలబెట్టుకోవాలి, ఖాళీ నేలను దేనికి వాడాలి అన్నది అలాంటి నగరాలకు ముఖ్యమైన ప్రశ్న.

శాటిలైట్ ఫొటో చూసి గీసేస్తారా? మా వీధి గురించి వాళ్లకేం తెలుసు?

శాటిలైట్, డ్రోన్ ఫొటోలతో బేస్ మ్యాప్, అంటే ఇప్పుడు ఏది ఎక్కడుందో చూపే మ్యాప్ తయారుచేసి, తర్వాత మనుషులు వీధుల్లో తిరిగి సరిచూస్తారు, లేదా చూడాలి. ఫొటోలో కప్పు కనిపిస్తుంది గానీ, ఆ కప్పు కింద ఎన్ని కుటుంబాలున్నాయో, ముందుగదిలో కుట్టుమిషన్ నడుస్తోందో లేదో కనిపించదు. వానాకాలంలో మాత్రమే పారే కాలువ ఎండాకాలం తీసిన ఫొటోలో ఖాళీ స్థలంలా ఉంటుంది. సర్వే మనుషులు వచ్చినప్పుడు ఇలాంటివి చూపించండి. రానట్టయితే మీరే ఫొటోలు తీసి, తేదీ వేసి పంపండి.

ఇంకా మ్యాపే రాలేదు. ఇప్పుడు వెళ్లి ఏం చెప్పాలి?

ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇదే: వెళ్లాల్సింది ఇప్పుడే. ముసాయిదా మ్యాప్ బయటికొచ్చాక జనం వందల్లో వస్తారు. సర్వేల దశలో పెట్టే సమావేశాల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కానీ నగరం ఏ దిక్కుకు పెరగాలి, బస్సు ముందా ఫ్లైఓవర్ ముందా, చెరువుల చుట్టూ ఎంత వదలాలి అన్నవి తేలేది ఆ ఖాళీ కుర్చీల ముందే. మ్యాప్ గీశాక ఒక గీతను జరిపితే దానికి తగులుకుని ఉన్న పది గీతలు జరగాలి, అందుకే ఎవరూ ఒప్పుకోరు. గీయకముందు చెబితే జరపాల్సిన గీతలే ఉండవు, కాబట్టి ఆ అడ్డంకీ ఉండదు.

వెళ్లి ఆశయాలు చెప్పక్కర్లేదు. మీ రోజు చెప్పండి. బడికి పిల్లలు ఏ రోడ్డు దాటి వెళ్తారు, బస్సు కోసం ఎంతసేపు నిలబడతారు, వాన పడితే నీళ్లు ఏ గడప దాకా వస్తాయి. ప్లానర్ల దగ్గర లేని సమాచారం అదే.

## ముసాయిదా బయటికొచ్చాక

మ్యాప్‌లో మా ఇల్లు ఎక్కడుందో ఎలా వెతకాలి?

ముందు మూలన ఉన్న రంగుల పట్టిక చూడండి, ఏ రంగు దేనికో అందులో ఉంటుంది. తర్వాత మారని గుర్తు ఒకటి పట్టుకోండి. రైలు పట్టాలో, చెరువో, పెద్ద కూడలో అయితే మేలు. అక్కడి నుంచి వీధులు లెక్కపెట్టుకుంటూ రండి. చివరగా స్కేల్ చూడండి, చాలామంది దీన్ని వదిలేస్తారు.

ఒక సభలో ఓ పెద్దాయన గోడకు అంటించిన మ్యాప్ మీద వేలు పెట్టి, ‘నా ఇల్లు ఈ గీత కింద ఉంది బాబూ’ అన్నారు. ఆయన వేలు వణుకుతోంది. స్కేల్ 1:10,000. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద పది మీటర్లు. ఆ గీత మందమే అర మిల్లీమీటరు, అంటే ఐదు మీటర్లు. ఆయన ముందుగది వెడల్పు కూడా అంత లేదు. ఆ మ్యాప్‌ను బట్టి ఇల్లు గీత కింద ఉందో పక్కన ఉందో ఎవరం చెప్పలేం. ప్లాట్ల హద్దులున్న పెద్ద స్కేల్ షీట్ తెప్పించి చూస్తే గీత పక్కింటి ప్రహరీ అవతల నుంచి పోతోంది. ఆయన రాత్రంతా నిద్రపోలేదని అప్పుడు చెప్పారు. కాబట్టి టెన్షన్ పడేముందు మీ ప్రాంతపు పెద్ద స్కేల్ షీట్‌ను రాతపూర్వకంగా అడగండి. మ్యాప్‌ను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే గీత లావవుతుంది తప్ప కచ్చితం కాదు.

మా ఇంటి మీదుగానే రోడ్డు వెళ్తోంది. ఇల్లు కూల్చేస్తారా?

ప్లాన్‌లో గీత పడినంత మాత్రాన ఇల్లు పోదు. భూసేకరణ వేరే ప్రక్రియ, దానికి వేరే నోటీసు, వేరే విచారణ, పరిహారం ఉంటాయి. అయితే గీత ప్రభావం ఈ రోజు నుంచే మొదలవుతుంది. కొత్త గది కట్టుకోవడానికి అనుమతి రాకపోవచ్చు, అమ్మబోతే కొనేవాళ్లు వెనకాడతారు. రోడ్డు మాత్రం ఇరవై ఏళ్లయినా రాదు. ఇది నిజంగా బాధాకరమైన స్థితి. అందుకే అభ్యంతరంలో రెండు విషయాలు రాయండి: ఒకటి గీతను ఎటు జరపొచ్చో, రెండోది ఫలానా ఏళ్లలోగా భూమి తీసుకోకపోతే రోడ్డు కోసం దాన్ని కేటాయించిన ఆ గీత రద్దయ్యేలా గడువు పెట్టమని.

మా స్థలానికి ఆకుపచ్చ రంగు వేశారు. ఇప్పుడు ఏమీ కట్టుకోలేమా?

ఏ ఆకుపచ్చో చూడండి. లేత రంగు వ్యవసాయ భూమికి, ముదురు రంగు పార్కుకో అడవికో, గీతలున్నది వరద ప్రాంతానికో కావొచ్చు. మూడింటి నిబంధనలూ వేరు. ప్రైవేటు స్థలాన్ని పార్కుగా చూపితే ఎప్పుడు, ఏ నిధులతో తీసుకుంటారో అడిగే హక్కు మీకుంది. నీళ్లు నిలిచే పల్లం కాబట్టి వేస్తే మాత్రం ఆ రంగు కింద ఉన్న కారణాన్ని కొట్టిపారేయకండి. రంగు మార్పించుకోగలరు గానీ, నీటిని మార్పించుకోలేరు.

ఎత్తైన భవనాలకు అనుమతిస్తే మా వీధి పాడైపోదా?

రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ పెంచకుండా అంతస్తులు మాత్రమే పెంచితే పాడవుతుంది. అసలు పెంచకపోతే మరో ఇబ్బంది: ఇళ్లు చాలవు, అద్దెలు పెరుగుతాయి, జనం దూరంగా పోయి రోజూ గంటల కొద్దీ ప్రయాణిస్తారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016 ప్లాన్‌లో నివాస ప్రాంతాల్లో నాలుగింట మూడొంతుల చోట్ల ఎక్కువ ఇళ్లు కట్టుకునే వీలిచ్చింది, ఆ తర్వాతి ఏళ్లలో ఇళ్ల అనుమతులు బాగా పెరిగాయి. బ్రెజిల్‌లోని సావో పౌలో 2014 ప్లాన్ మరో దారి పట్టింది. స్థలం విస్తీర్ణానికి సమానమైన నిర్మాణం వరకే ఊరికే ఇచ్చి, అంతకు మించితే నగరానికి రుసుము కట్టమంది. ప్రజా రవాణా మార్గాల వెంట ఎక్కువ ఎత్తుకు వీలిచ్చింది.

నా మటుకు ‘ఎత్తు వద్దు’ అన్న అభ్యంతరం కన్నా ‘ఎత్తు పెంచేలోపు ఫలానా పైపు, ఫలానా బస్సు రావాలి’ అన్న షరతు బలమైనది.

నగరం చుట్టూ ఒక గీత గీసి, దాటకుండా ఆపేయొచ్చుగా?

ఆపొచ్చు, కానీ గీతతోనే పని అయిపోదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ 1979 నుంచి అలాంటి హద్దుతోనే నడుస్తోంది, లోపల 20 ఏళ్ల ఇళ్ల అవసరానికి సరిపడా భూమి ఉందో లేదో ఎప్పటికప్పుడు చూసుకుంటారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ 1947లో మరోలా ఆలోచించింది. అరచేతి నుంచి వేళ్లలా రైలు మార్గాల వెంట నగరాన్ని పెరగనిచ్చి, వేళ్ల సందుల్లో పొలాలు, పచ్చదనం కాపాడుకుంది. పెద్ద ఆఫీసులు స్టేషన్‌కు 600 మీటర్ల లోపు ఉండాలన్న నియమం ఆ ఆలోచన నుంచి వచ్చిందే. 2007లో ఆ ప్లాన్‌కు చట్టబలం ఇచ్చారు. నన్ను అడిగితే వద్దన్న చోటుతో పాటు పెరగాల్సిన చోటు కూడా చూపించే ప్లానే నిలబడుతుంది.

వరదల గురించి ప్లాన్‌లో ఏం చూడాలి?

పైపుల సైజు ఒక్కటే చూడకండి, నేల మీద నీటికి దారి వదిలారా అని చూడండి. 2011 జూలై 2న కోపెన్‌హాగన్‌లో రెండు గంటల్లో దాదాపు 150 మిల్లీమీటర్ల వాన కురిసింది. మామూలుగా నగరాలు వేసే పైపులు అంతటి వానను మోయలేవు. మరుసటి ఏడాది వాళ్లు చేసుకున్న ప్రణాళికలో పార్కులు, వీధులే అవసరమైనప్పుడు నీటిని పట్టి ఉంచేలా మార్చాలనుకున్నారు. మీ ముసాయిదాలో చెరువులను కలిపే కాలువలు చెరిగిపోకుండా ఉన్నాయా, పల్లపు ప్రాంతాలకు ఇళ్ల రంగు వేశారా అన్నవి ముందు చూడండి.

మేం అద్దెకు ఉంటున్నాం. మాకేం సంబంధం?

పూర్తిగా ఉంది. అభ్యంతరాలు, సూచనలు ఇవ్వడానికి సొంత ఇల్లు ఉండాలన్న నియమం సాధారణంగా ఉండదు. ఒక ప్రాంతాన్ని తిరగ్గడితే ముందు ఖాళీ చేయాల్సింది అద్దెవాళ్లే, ముసాయిదాలో తరచుగా కనిపించనివాళ్లూ వాళ్లే.

అభ్యంతరం ఎలా రాస్తే పట్టించుకుంటారు?

ఒక కాగితంలో ఒక విషయం. షీట్ నంబరు, ప్లాట్ నంబరు లేదా పేరా నంబరు. ఏం తప్పుందో ఒక వాక్యం, దానికి ఆధారం, బదులుగా ఏం చేయాలో ఇంకో వాక్యం. ఫొటో జత చేయండి. నలుగురు నాలుగు సొంత మాటల్లో రాస్తే, ఒకే ఉత్తరాన్ని నాలుగొందల మంది సంతకం చేసి ఇచ్చినదాని కన్నా ఎక్కువ విషయం అందుతుంది. ఇచ్చాక రసీదు తీసుకోకుండా మాత్రం రావొద్దు. ఆన్‌లైన్‌లో ఇస్తే నంబరు కనిపించే పేజీని ఫొటో తీసుకోండి.

## ఆమోదం దశ

మా అభ్యంతరం ఏమైందో ఎలా తెలుస్తుంది?

పద్ధతిగా చేసే నగరాలు ప్రతి అభ్యంతరానికీ పక్కన ‘ఒప్పుకున్నాం, కొంత ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు’ అని కారణంతో ఒక పట్టిక ప్రచురిస్తాయి. మీ దగ్గర రాకపోతే రసీదు నంబరు వేసి రాతపూర్వకంగా అడగండి. కారణం లేని తిరస్కరణను పైస్థాయిలో ప్రశ్నించడం సులువు.

ముసాయిదాలో లేనిది తుది ప్లాన్‌లో కనిపించింది. ఇలా చేయొచ్చా?

అభ్యంతరాలు విన్నాక మార్పులు రావడం సహజం, విన్నందుకే అవి వస్తాయి. కానీ ఎవరూ అడగని పెద్ద మార్పు జనానికి చూపించకుండా చేరితే అది తీవ్రమైన విషయం. చాలా చట్టాలు అలాంటప్పుడు మళ్లీ ప్రచురించి మళ్లీ అభిప్రాయం తీసుకోమంటాయి. దీన్ని పట్టుకోవాలంటే ముసాయిదా కాపీ మీ దగ్గర ఉండాలి. తుది ప్లాన్ వచ్చాక వెబ్‌సైట్‌లో పాతది తీసేస్తారు, కాబట్టి మొదటి రోజే దించుకోండి.

ఎవరైనా కోర్టుకు వెళ్తే ప్లాన్ ఆగిపోతుందా?

ఆగొచ్చు. అమెరికాలోని మినియాపొలిస్ నగర కౌన్సిల్ 2018లో ఆమోదించిన, 2040 దాకా చూసే ప్లాన్ మీద పర్యావరణ సమీక్ష వివాదం కొన్నేళ్లు కోర్టుల్లో నడిచింది. మధ్యలో పాత ప్లాన్‌కు వెళ్లమన్న ఆదేశమూ వచ్చింది, చివరికి 2024లో రాష్ట్ర చట్టసభ చట్టం మార్చాల్సి వచ్చింది.

సవరణ నడుస్తుండగా ఇల్లు కట్టుకోవచ్చా, స్థలం కొనొచ్చా?

కొత్త ప్లాన్ అమల్లోకి వచ్చేదాకా సాధారణంగా పాతదే చెల్లుతుంది, కొన్నిచోట్ల మధ్యకాలపు ఆంక్షలు ఉంటాయి. అనుమతి ఇచ్చే ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. స్థలం విషయంలో ‘ఇక్కడికి రింగ్ రోడ్డు వస్తోంది’ అన్న మాట మీద కొనకండి. ముసాయిదా గీత మారొచ్చు, నోటిమాట గీతకైతే ఆ మాత్రం లెక్క కూడా ఉండదు.

## ఆమోదం తర్వాత

మా వర్క్‌షాప్ ఉన్న చోటు ఇప్పుడు నివాస ప్రాంతం అయింది. మూసేయాలా?

చట్టబద్ధంగా మొదలైనదాన్ని ఉన్నదున్నట్టు నడుపుకోవడానికి చాలా నగరాలు ఒప్పుకుంటాయి. పెంచుకోవడానికి, కొన్నాళ్లు మూసి మళ్లీ తెరవడానికి ఒప్పుకోకపోవచ్చు. పాత లైసెన్స్, కరెంటు బిల్లులు, పన్ను రసీదులు జాగ్రత్తగా ఉంచండి. ముందు నుంచీ ఉన్నారనడానికి అవే సాక్ష్యం.

ప్లాన్ అమలవుతోందో లేదో మేమెలా తెలుసుకోవాలి?

నగరం వార్షిక బడ్జెట్ చూడండి. ప్లాన్‌లో ఉన్న పనికి బడ్జెట్‌లో పద్దు లేకపోతే ఆ ఏడాది అది జరగదు. ఏ పని, ఎవరి బాధ్యత, ఏ ఏడాదికి, ఏ డబ్బుతో అన్న నాలుగు గడులూ ప్లాన్‌లోనే ఉండాలి.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో స్పెయిన్‌లోని బార్సిలోనా చూపిస్తుంది. 1859లో ఇంజినీరు ఇల్దెఫోన్స్ సెర్దా గీసిన విస్తరణ ప్లాన్‌లో వీధుల మధ్య ఉన్న ప్రతి చదరంలోనూ రెండు వైపులే భవనాలు, మధ్యలో అందరికీ తోట. వీధులు ఆయన గీసినట్టే వచ్చాయి, వాటిని ఎవరూ ఆక్రమించలేకపోయారు. తోటలు మాత్రం ఒక్కో అనుమతితో కొంచెం కొంచెంగా నిండిపోయాయి. నాలుగు వైపులా భవనాలు లేచాయి, మధ్యలో షెడ్లు వచ్చాయి. శతాబ్దం దాటాక నగరం ఆ లోపలి ఖాళీలను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి రోడ్డు పనిని గమనించినంత శ్రద్ధగా ప్లాన్‌లో ‘ఖాళీ’ అని రాసిన చోట్లను గమనించండి.

వచ్చే సవరణ దాకా మేం ఏం దాచిపెట్టుకోవాలి?

ముసాయిదా, తుది ప్లాన్ రెండు కాపీలు. మీ అభ్యంతరం, దాని రసీదు, వచ్చిన జవాబు. వాన పడిన ప్రతిసారీ ఒకే చోట నిలబడి, గోడ మీద నీటి మట్టం కనిపించేలా తీసిన ఫొటోలు, తేదీలతో. కాలనీలో ఎవరైనా ఒకరి దగ్గర ఇవన్నీ ఒకే ఫైల్‌లో ఉంచండి. వాళ్లు ఇల్లు మారుతుంటే ఆ ఫైల్ ఇంకొకరి చేతికిచ్చి వెళ్లమని ముందే చెప్పండి.